చర్మ లింఫోమా చరిత్ర: పేరు, కణం, రోగనిరోధక సంకేతాల జన్యు వైవిధ్యం

వ్యాససంగ్రహం:
చర్మంలో చేరిన లింఫోకణాలు అదుపు తప్పి పెరగడం వల్ల ఏర్పడే క్యాన్సర్లను చర్మ లింఫోమాలు అంటారు. వీటిలో ప్రధానమైనది మైకోసిస్ ఫంగాయిడిస్. రెండు శతాబ్దాలుగా వైద్యులు ఈ రోగాన్ని ఎలా చూశారు, దానికి ఏ పేర్లు పెట్టారు, అది కొందరికే ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు ఏయే సమాధానాలు చెప్పారు అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పుట్టుకతో వచ్చే జన్యు వైవిధ్యానికీ, జీవితకాలంలో ఒక కణంలో కలిగే ఉత్పరివర్తనానికీ ఉన్న తేడాను తెలుగులో వ్యక్తం చేయడంలోని ఇబ్బందిని చర్చిస్తుంది.

కీలకపదాలు: చర్మ లింఫోమా, మైకోసిస్ ఫంగాయిడిస్, టి-కణాలు, సైటోకైన్లు, జన్యు వైవిధ్యం, ఉత్పరివర్తనం, పరిభాష.

ఉపోద్ఘాతం

ఒక రోగం చరిత్ర అంటే ఆ రోగానికి కారణాన్ని కనుగొన్న చరిత్ర అని సాధారణంగా భావిస్తారు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని రోగాలకు కూడా చరిత్ర ఉంటుంది. అది ఆ రోగాన్ని గురించి అడిగిన ప్రశ్నల చరిత్ర. మైకోసిస్ ఫంగాయిడిస్ అటువంటి రోగం. 1806 నుంచి నేటి వరకు దీనిని గురించిన ప్రధాన ప్రశ్న ఒక్కటే: ఒకే ఊరిలో, ఒకే ఎండలో, ఒకే తిండి తిని బతికే మనుషుల్లో ఇది ఒకరికే ఎందుకు వస్తుంది? మారుతూ వచ్చింది ఆ ప్రశ్నను అడిగే భాష. మొదట ఆకారం, తరువాత కణం, ఆపైన సూక్ష్మజీవి, చివరకు జన్యువు. ఈ మార్పుల్లో ప్రతిదానికీ వెనుక ఒక పనిముట్టు ఉంది. దానితో పాటు ఒక భ్రమ కూడా ఉంది.

1. పుట్టగొడుగు పేరుతో ఒక రోగం

పారిస్‌లోని సేన్ లూయీ ఆసుపత్రిని నాలుగవ హెన్రీ 1607లో ప్లేగు రోగుల కోసం నెలకొల్పాడు. నగరం లోపలి జనానికి దూరంగా ఉంచవలసిన వారికి ఉద్దేశించిన కట్టడం అది. ఫ్రెంచి విప్లవం తరువాత, 1801లో, దానిని చర్మవ్యాధులకు ప్రత్యేకించారు. ఆ సంవత్సరమే అక్కడ వైద్యుడిగా చేరిన జాన్ లూయీ అలిబేర్ (1768-1837) ఆధునిక చర్మవైద్యానికి ఆద్యుల్లో ఒకరు. మంచి వక్త. తరువాతి కాలంలో పదునెనిమిదవ లూయీకి వైద్యులయ్యారు. 1806లో వెలువడిన తన చిత్రసహిత గ్రంథంలో ఆయన లూకా అనే 56 సంవత్సరాల రోగిని వర్ణించారు. మొదట పొలుసులతో కూడిన మచ్చలుగా ఆరంభమైన రోగం, చివరకు ముఖం మీదా ఒంటి మీదా పుట్టగొడుగుల వంటి కణుతులుగా పరిణమించింది.

అలిబేర్ దానిని తొలుత ఉష్ణదేశాల్లో కనిపించే యాస్ అనే అంటురోగానికి చేరువగా ఉంచారు. 1832లో ‘మైకోసిస్ ఫంగాయిడిస్’ అన్న పేరు స్థిరపరిచారు. గ్రీకులో మైకీస్ అంటే పుట్టగొడుగు. లాటిన్‌లో ఫంగస్ అన్నా పుట్టగొడుగే. అంటే ఈ పేరు ఒకే మాటను రెండు భాషల్లో రెండుసార్లు చెబుతుంది. పేరు పెట్టినవారి దృష్టిలో అది పోలిక మాత్రమే. తరువాత మైకాలజీ అన్నది శిలీంధ్రశాస్త్రంగా స్థిరపడడంతో, ఈ రోగానికి శిలీంధ్రంతో ఏ సంబంధమూ లేదని ప్రతి పాఠ్యగ్రంథమూ మొదటి పేరాలోనే చెప్పుకోవలసి వస్తున్నది. పేరు తెచ్చిన భారాన్ని రెండు వందల ఏళ్ళుగా మోస్తున్న రోగమిది.

అలిబేర్ కాలపు ఆలోచనా విధానాన్ని అర్థం చేసుకోవడానికి ఆయన 1829లో గీయించిన ‘చర్మవ్యాధుల వృక్షం’ చాలు. మొక్కలను వర్గీకరించే వృక్షశాస్త్రజ్ఞుల పద్ధతిలో ఆయన చర్మరోగాలను కొమ్మలుగా, రెమ్మలుగా విభజించారు. ఆకారం వర్గీకరణకు ఆధారమైనప్పుడు పుట్టగొడుగు పేరు రావడం వింత కాదు. ఆ చెట్టు నిలవలేదు, పేరు మాత్రం నిలిచింది.

అలిబేర్ తరువాతి తరంలో ఎర్నెస్ట్ బజాన్ 1870లో ఈ రోగానికి మచ్చ, దిమ్మ, కణితి అనే మూడు దశలను నిర్దేశించారు. ఇది పైకి చిన్న విషయంగా కనిపించినా నిజానికి పెద్ద మలుపు. అలిబేర్ చూసింది ఒక రూపాన్ని. బజాన్ చూసింది ఒక కాలక్రమాన్ని. ఏళ్ళ తరబడి తామరలాగానో గజ్జిలాగానో కనిపించే మచ్చే తరువాత కణితి అవుతుందని తెలిసినప్పుడు, ‘అన్ని మచ్చలూ ఎందుకు కణితులు కావు?’ అన్న ప్రశ్నకు చోటు ఏర్పడింది. మచ్చ దశ లేకుండా నేరుగా కణితులతో వచ్చే రూపాన్ని 1885లో విదాల్, బ్రోక్ వర్ణించారు. ఒళ్ళంతా ఎర్రబారే రూపాన్ని 1892లో అలోపో, బెనియే చేర్చారు.

2. కణం

సూక్ష్మదర్శిని చర్మవైద్యంలోకి వచ్చాక వివాదం మొదలైంది. ఈ కణుతుల్లోని కణజాలం లింఫ్ గ్రంథుల కణజాలాన్ని పోలి ఉందని 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఫ్రెంచి పరిశోధకులు గుర్తించారు. చర్మపు పైపొరలో ఈ కణాలు చిన్న గుంపులుగా చేరడాన్ని దారియే మొదట వర్ణించగా, అవి ‘పోత్రియే సూక్ష్మ పుండ్లు’గా ప్రసిద్ధికెక్కాయి. పైగా అవి చీముతో నిండిన పుండ్లు కావు. ఈ రోగ చరిత్రలో తప్పుడు పేర్లకు కొదవ లేదు.

1938లో ఆల్బేర్ సెజరీ, బూవ్రాన్‌తో కలిసి, ఒళ్ళంతా ఎర్రబారిన ఒక రోగి రక్తంలోనూ చర్మంలోనూ అసాధారణంగా పెద్దవైన, వికృత కేంద్రకాలున్న కణాలను చూశారు. వాటిని ‘రాక్షస కణాలు’గా అభివర్ణించారు. ఈ రూపానికి సెజరీ సిండ్రోమ్ అన్న పేరు స్థిరపడింది. ఆ కణం ఏ జాతికి చెందినదో చెప్పగల సాధనం ఆనాడు లేదు. బాలగ్రంథి రోగనిరోధక వ్యవస్థకు కీలకమని జాక్వెస్ మిల్లర్ 1961లో నిరూపించారు. ఆ దశకం ముగిసేలోగా లింఫోకణాలు టి, బి అని రెండు జాతులని తేలింది. 1968లో లట్జ్‌నర్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో సెజరీ కణం కేంద్రకం మెదడు ముడతల వంటి మడతలతో ఉంటుందని చూపారు. 1970ల తొలి సంవత్సరాల్లో అవి టి-కణాలని రుజువైంది. 1975 నాటికి లట్జ్‌నర్, ఎడెల్సన్ తదితరులు మైకోసిస్ ఫంగాయిడిస్‌నూ సెజరీ సిండ్రోమ్‌నూ ‘చర్మ టి-కణ లింఫోమా’ అనే ఒకే గొడుగు కిందికి తెచ్చారు.

ఈ కొత్త పేరు ప్రశ్న స్వరూపాన్నే మార్చింది. క్యాన్సరుగా మారినది చర్మకణం కాదు, చర్మాన్ని కాపాడటానికి వచ్చిన కణం. కావలివాడే దొంగ అయిన సందర్భమిది. కాబట్టి అతనికి అందిన ఆజ్ఞలు ఏమిటి, ఎవరు ఇచ్చారు అన్నది తెలుసుకోవలసి వచ్చింది.

3. ఎడతెగని ప్రేరణ

1974లో టాన్, ఆయన సహచరులు బ్రిటన్ నుంచి ఒక ప్రతిపాదన చేశారు. ఏదో ఒక ప్రతిజనకం చర్మంలో తొలగకుండా ఉండిపోవడం వల్ల టి-కణాలు నిరంతరం విభజన చెందుతూ, చివరకు ఒక కణం అదుపు తప్పుతుందన్నది దాని సారాంశం. ఆ ప్రతిజనకం ఏమిటన్న వెతుకులాట తరువాతి దశాబ్దాలను ఆక్రమించింది. పరిశ్రమల్లో వాడే రసాయనాలను అనుమానించారు. పెద్ద అధ్యయనాల్లో ఆ అనుమానం నిలబడలేదు.

ఈ వెతుకులాటలో వైరస్ ఉదంతం ఆసక్తికరం. అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో రాబర్ట్ గాలో బృందం 1976లో టి-కణాలను పాత్రల్లో పెంచగల ఒక పదార్థాన్ని వర్ణించింది. అదే తరువాత ఇంటర్‌ల్యూకిన్-2గా పేరొందింది. కణం నుంచి కణానికి వార్త మోసే సైటోకైన్లలో అదొకటి. దాని సాయంతో పెంచిన టి-కణాల నుంచే 1980లో అదే బృందం మానవుల్లో తొలి రెట్రోవైరస్ అయిన హెచ్.టి.ఎల్.వి.-1ను వేరుచేసింది. ఆ కణాలు చర్మ టి-కణ లింఫోమా ఉన్నదని భావించిన ఒక రోగివి. మైకోసిస్ ఫంగాయిడిస్ కారకం దొరికిందనే అనిపించింది. కాని జపాన్‌లో తకత్సుకి బృందం 1977లోనే వేరొక రోగాన్ని, వయోజన టి-కణ ల్యుకేమియాను, వర్ణించి ఉంది. ఆ రోగులు ఎక్కువగా నైరుతి జపాన్‌లో పుట్టినవారు. వైరస్ ఆ రోగానికి చెందినదని 1981 నాటికి స్పష్టమైంది. మైకోసిస్ ఫంగాయిడిస్ రోగుల్లో అత్యధికుల్లో ఆ వైరస్ లేదు.

వెతికిన రోగానికి కారణం దొరకలేదు. వెతకని రోగానికి దొరికింది. అయినా ఈ ఉదంతం ఒక విషయాన్ని నిలబెట్టింది. టి-కణం బతకడానికీ పెరగడానికీ బయటి నుంచి వచ్చే సంకేతాలు అవసరం. 1999లో అమెరికాలో ఆమోదం పొందిన డెనిల్యూకిన్ డిఫ్టిటాక్స్ అనే మందు ఈ అవగాహన ఫలితమే. ఇంటర్‌ల్యూకిన్-2కు డిఫ్తీరియా విషాన్ని జతచేసి, ఆ సంకేతం కోసం నోరు తెరిచిన కణంలోకే విషం చేరేలా రూపొందించారు. 2016లో, ఇంటర్‌ల్యూకిన్-15 అధికంగా ఉత్పత్తి అయ్యేలా మార్చిన ఎలుకల్లో చర్మ టి-కణ లింఫోమా వంటి రోగమే వస్తుందని ఒక అమెరికన్ బృందం చూపింది. చర్మం మీది స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా విషాలు ఈ కణాలను రెచ్చగొడతాయన్న పాత అనుమానానికి కూడా, డెన్మార్క్ పరిశోధకులు 2019లో ప్రచురించిన యాంటిబయాటిక్ చికిత్స ఫలితాలు బలం చేకూర్చాయి.

4. పుట్టుకతో వచ్చే తేడా

ప్రతిజనకం దాదాపు అందరి చర్మం మీదా ఉండి, రోగం కొందరికే వస్తే, తేడా స్వీకరించేవారిలో ఉండాలి. ఈ తర్కమే పరిశోధకులను వంశానుగత వైవిధ్యం వైపు నడిపింది. తొలి ఆధారం హెచ్.ఎల్.ఎ. జన్యువుల నుంచి వచ్చింది. ప్రతిజనకాన్ని టి-కణానికి చూపించే ప్రోటీన్లను నిర్దేశించే జన్యువులివి. మనుషుల్లో అత్యంత వైవిధ్యం గలవి. వీటికి తొలి ఆనవాలు పట్టి 1980లో నోబెల్ బహుమతి పంచుకున్న జాన్ దోసె పనిచేసింది కూడా అలిబేర్ ఆసుపత్రి అయిన సేన్ లూయీలోనే. 1996లో హ్యూస్టన్ పరిశోధకులు డి.ఆర్.బి.1*11, డి.క్యూ.బి.1*03 అనే యుగ్మవికల్పాలు మైకోసిస్ ఫంగాయిడిస్ రోగుల్లో సాధారణ జనంలో కన్నా ఎక్కువగా కనిపిస్తున్నాయని ప్రకటించారు. ఇజ్రాయెల్‌లో హోడాక్ బృందం, ఒకే కుటుంబంలో ఒకరికి మించి ఈ రోగం వచ్చిన అరుదైన సందర్భాలను అధ్యయనం చేసి ఈ సంబంధాన్ని మరికొంత ముందుకు తీసుకుపోయింది.

తరువాత దృష్టి సైటోకైన్ల మీదికి మళ్ళింది. లింఫోమాల మీద పనిచేసే పరిశోధకుల అంతర్జాతీయ కూటమి ఇంటర్‌లింఫ్ 2006లో వెలువరించిన సంయుక్త విశ్లేషణ ఇందులో మైలురాయి. టి.ఎన్.ఎఫ్. అనే సైటోకైన్ జన్యువుకు ముందు, 308వ స్థానంలో, కొందరికి గ్వానిన్ ఉంటే కొందరికి ఎడినిన్ ఉంటుంది. ఈ ఒక్క అక్షరపు తేడా, పెద్ద బి-కణాల విస్తృత లింఫోమా ప్రమాదం కొంత పెరగడంతో ముడిపడి ఉందని వేల మంది రోగుల నమూనాలతో తేల్చారు. ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువులోని మరో వైవిధ్యానికీ అటువంటి సంబంధమే కనిపించింది. కాని ఈ ఫలితం బి-కణ లింఫోమాకు సంబంధించినది. చర్మ టి-కణ లింఫోమాకు దానిని యథాతథంగా వర్తింపజేయడానికి వీలు లేదు.

ఇక్కడ అంకెల సమస్యను కొంత వివరంగా చూడాలి. అమెరికాలో 1973 నుంచి 2002 వరకు నమోదైన వివరాల ప్రకారం చర్మ టి-కణ లింఫోమా ఏటా పది లక్షల మందిలో సుమారు 6.4 మందికి వస్తుంది. పురుషుల్లో స్త్రీల కన్నా ఎక్కువ. నల్లజాతివారిలో శ్వేతజాతివారి కన్నా ఎక్కువ. ఇంత అరుదైన రోగానికి వేల నమూనాలు సమకూర్చడం ఏ ఒక్క ఆసుపత్రికీ సాధ్యం కాదు. అందువల్ల ఈ రంగంలోని చాలా అధ్యయనాలు కొన్ని పదుల నుంచి కొన్ని వందల మంది రోగులతో సరిపెట్టుకున్నాయి. నూరు వైవిధ్యాలను పరీక్షించి, ఇరవైలో ఒకటి యాదృచ్ఛికంగా రావచ్చునన్న ప్రమాణాన్ని పాటిస్తే, ఏ సంబంధమూ లేకున్నా సుమారు ఐదు ‘ఫలితాలు’ కనిపిస్తాయి. ఒక దేశంలో కనిపించిన సంబంధం మరొక దేశంలో కనిపించకపోవడం ఈ సాహిత్యంలో పదేపదే ఎదురయ్యే విషయం. సాహిత్య విమర్శలో ఒకే తాళపత్ర ప్రతిని బట్టి పాఠనిర్ణయం చేయడానికి ఎందుకు వెనుకాడతామో తెలిసిన పాఠకులకు ఈ జాగ్రత్తను విడమరచి చెప్పనక్కరలేదు.

సంబంధం నిజమే అనుకున్నా దాని అర్థం పరిమితం. ఒక వైవిధ్యం ప్రమాదాన్ని రెట్టింపు చేస్తుందనుకుంటే, పది లక్షల మందిలో ఏడాదికి ఆరుగురికి బదులు పన్నెండు, పదమూడు మందికి రోగం వస్తుంది. మిగిలిన 9,99,987 మందికి రాదు. ‘ప్రమాదం రెట్టింపు’ అన్న మాట పత్రికలో చదివినవారికి కలిగే భయానికీ ఈ లెక్కకూ మధ్య చాలా దూరం ఉంది.

5. కణం సంపాదించుకున్న తేడా

2014, 2015 సంవత్సరాల్లో ఈ చరిత్ర మరో దారి పట్టింది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులను కాక, కణితి కణంలోని జన్యువులను చదవడం మొదలైంది. స్పెయిన్ పరిశోధకులు టి-కణ గ్రాహకం నుంచి వచ్చే వార్తను లోపలికి మోసే పి.ఎల్.సి.జి.1 జన్యువులో ఉత్పరివర్తనాలను గుర్తించారు. 2015లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన చోయ్ బృందంతో సహా పలు బృందాలు ఒకదాని వెంట ఒకటి ఫలితాలు ప్రకటించాయి. 2017లో పార్క్ తదితరులు 220 మంది రోగుల సమాచారాన్ని కలిపి పరిశీలించి, రోగాన్ని నడిపిస్తున్నాయని భావించదగిన 55 జన్యువుల జాబితా ఇచ్చారు. టి-కణ గ్రాహక మార్గం, ఎన్.ఎఫ్.-కప్పా-బి మార్గం, జాక్-స్టాట్ మార్గం ఇందులో ప్రముఖంగా కనిపిస్తాయి.

జాక్-స్టాట్ మార్గాన్ని స్థూలంగా ఇలా చెప్పవచ్చు. సైటోకైన్ కణం పైనున్న గ్రాహకాన్ని తాకుతుంది. గ్రాహకానికి లోపలివైపు అంటిపెట్టుకున్న జాక్ అనే ఎంజైము మేల్కొంటుంది. అది స్టాట్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటు గుర్తు వేస్తుంది. గుర్తు పడిన స్టాట్ అణువులు జంటకట్టి కేంద్రకంలోకి వెళ్ళి జన్యువులను పలికిస్తాయి. జాక్‌లో ఉత్పరివర్తనం వస్తే, బయట ఎవరూ తలుపు తట్టకుండానే లోపల కబురు సాగిపోతుంది. టాన్ ఊహించిన ఎడతెగని ప్రేరణ, ఇలా కణం లోపలే స్థిరపడిపోతుంది.

మరొక ఉదాహరణ ఇంకా ఆశ్చర్యకరం. టి-కణాన్ని నిలువరించే సి.టి.ఎల్.ఎ.-4 పైభాగమూ, ఉసిగొలిపే సి.డి.28 లోపలి భాగమూ అతుక్కుని ఒకే ప్రోటీన్ అయిన సందర్భాలు కొందరు రోగుల్లో కనిపించాయి. అప్పుడు ‘ఆగు’ అన్న ఆజ్ఞే కణానికి ‘సాగు’ అని వినిపిస్తుంది. అదే 2015లో అంగెవికెల్ బృందం టి.ఎన్.ఎఫ్. స్వీకరించే రెండవ గ్రాహకంలో పదేపదే వచ్చే ఒక ఉత్పరివర్తనాన్ని వర్ణించింది. 2006లో చర్చకు వచ్చినదీ టి.ఎన్.ఎఫ్. మార్గమే, 2015లో వచ్చినదీ అదే. కాని మొదటిది ఆ వ్యక్తి శరీరంలోని ప్రతి కణంలోనూ పుట్టుక నుంచి ఉన్న తేడా, బిడ్డలకు సంక్రమించగలది. రెండవది ఒకానొక కణానికి జీవితం మధ్యలో జరిగిన ప్రమాదం; అది ఆ కణం సంతతికే పరిమితం. ఈ రోగానికి రెండవదాని ఆధారాలు బలమైనవి, మొదటిదానివి బలహీనమైనవి.

ఈ సంకేతాలను మందులతో అడ్డుకోవడం ఎంత చిక్కైన వ్యవహారమో ఇటీవలి చరిత్ర చూపుతున్నది. ఇంటర్‌ల్యూకిన్-4, 13ల సంకేతాన్ని ఆపే డుపిలుమాబ్ అనే మందుకు 2017లో అమెరికాలో ఎటోపిక్ చర్మశోథకు ఆమోదం లభించింది. ఆ మందు వాడుతున్న కొందరిలో చర్మ టి-కణ లింఫోమా బయటపడినట్లు తరువాతి సంవత్సరాల్లో నివేదికలు వచ్చాయి. మందు రోగాన్ని తెచ్చిందా, లేక తామరగా పొరబడిన లింఫోమాను బయటపెట్టిందా అన్నది ఇంకా వాదంలో ఉంది. బజాన్ మూడు దశల్లో మొదటిది తామరను పోలి ఉంటుందన్న సంగతి ఇక్కడ మళ్ళీ ముఖ్యమైంది.

6. తెలుగులో ఈ మాటలు

ఈ రోగ చికిత్సా చరిత్రలో ఒక తెలుగువారికి స్థానం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన నుంచే దాని విరోధులైన ఎమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. మైకోసిస్ ఫంగాయిడిస్‌కు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్న మందు.

పరిభాష సంగతి వేరు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కృషి వల్ల ఉత్పరివర్తనం, యుగ్మవికల్పం వంటి మాటలు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాయి. కాని వాడుకలో ‘జన్యుపరమైన’ అన్న ఒక్క విశేషణమే పుట్టుకతో వచ్చినదానికీ, కణంలో తరువాత కలిగినదానికీ చెల్లుతున్నది. ‘ఇది జన్యువుల్లో మార్పు వల్ల వచ్చింది’ అని వైద్యుడు చెబితే, కుటుంబం వినేది ‘ఇది వంశంలో ఉంది’ అని. ఆ మాట రోగి దగ్గర ఆగదు; పిల్లల పెళ్ళి సంబంధాల దాకా పోతుంది. వంశానుగత వైవిధ్యం, కణగత ఉత్పరివర్తనం అని రెండు వేర్వేరు మాటలను వైద్యులూ, పత్రికలూ, అనువాదకులూ నియమంగా పాటించడం ఇందుకు కనీస పరిష్కారం. ‘కణగత’ అన్నది కొత్తగా వినిపించినా అర్థం కాని మాట కాదు.

దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఛాయ ఎక్కువగా ఉన్న చర్మంలో, ముఖ్యంగా చిన్న వయసువారిలో, ఈ రోగం ఎర్రని మచ్చగా కాక తెల్లబారిన మచ్చగా రావచ్చు. భారతదేశం నుంచి ఇటువంటి రూపం ఎన్నోసార్లు నమోదైంది. తెల్లబారిన మచ్చ కనిపిస్తే మన ఊళ్ళలో మొదట తలపుకు వచ్చేది బొల్లి, లేదా కుష్ఠు. జాతీయ స్థాయిలో కుష్ఠు పదివేల మందిలో ఒకరి కన్నా తక్కువకు చేరిందని ప్రభుత్వం 2005 డిసెంబరు నాటికి ప్రకటించినా, ఆ మాటకున్న సామాజిక భారం లెక్కల వేగంతో తగ్గలేదు. కుష్ఠు మచ్చలో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. లింఫోమా మచ్చలో స్పర్శ నిలిచి ఉంటుంది. కాని ముఖం మీది కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గకపోవచ్చు కాబట్టి ఈ ఒక్క గుర్తు సరిపోదు. చర్మపు ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. లింఫోమా అయితే, చర్మపు పైపొరలో చేరిన లింఫోకణాలు కనిపిస్తాయి. తెల్లమచ్చల రూపంలో అవి తరచు సి.డి.8 గుర్తు గల టి-కణాలు. ఈ రూపం సాధారణంగా నెమ్మదిగా సాగుతుంది. అతినీలలోహిత కాంతి చికిత్సకు చాలామందిలో మచ్చలకు మళ్ళీ రంగు వస్తుంది. మచ్చలు తిరిగి రావడమూ ఉంది కాబట్టి ఏళ్ళ తరబడి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.